ఫోటో వాళ్ళది, బిల్లు మనది

మొన్న సంక్రాంతికి ఇంటికెళ్ళినప్పుడు, నాన్నగారి బీరువాలో ఏదో ఎల్‌ఐసీ బాండు వెతుకుతుంటే రబ్బరు బ్యాండ్ వేసిన ఒక కార్డుల కట్ట దొరికింది. అందులో రెండు ఆరోగ్యశ్రీ కార్డులున్నాయి. ఒకటి బాగా పాతది, అంచులు నలిగిపోయింది. ఇంకోటి 2020 తర్వాత వచ్చిన క్యూఆర్ కోడ్ కార్డు. మనిషి అదే, ఇల్లు అదే, పథకం అదే. మారింది కార్డు మీద పేరూ, బొమ్మలూను. "పాతది పారేయొచ్చు కదా నాన్నా" అన్నాను. ఆయన నా చేతిలోంచి కట్ట తీసుకుని మళ్ళీ రబ్బరు బ్యాండ్ వేసేశారు. "ఉండనీరా. ఏది ఎప్పుడు మళ్ళీ చెల్లుతుందో ఎవడికి తెలుసు?"

నాకు నవ్వొచ్చింది గానీ, తిరుగు ప్రయాణంలో బస్సులో కూర్చుని ఆలోచిస్తే ఆయన అన్నదాంట్లో మన రాష్ట్రాల పాతికేళ్ళ చరిత్ర ఉందనిపించింది. ప్రభుత్వ ప్రచారం ఖర్చు అనగానే మనం పేపర్లో ఫుల్ పేజీ యాడ్ గురించే తిట్టుకుంటాం. నిజానికి అది చిన్న ఖర్చు, మర్నాటికి పొట్లాం కట్టుకోడానికైనా పనికొస్తుంది. అసలు ఖర్చు వేరే చోట ఉంది.

ఆరోగ్యశ్రీ కథే చూడండి. 2007 ఏప్రిల్ 1న మహబూబ్‌నగర్, అనంతపురం, శ్రీకాకుళం జిల్లాల్లో మొదలైంది, ఏడాది తిరిగేసరికి 23 జిల్లాలకీ వచ్చింది. పేరు రాజీవ్ ఆరోగ్యశ్రీ. రాజీవ్ గాంధీకీ గుండె ఆపరేషన్‌కీ సంబంధమేంటని అప్పట్లో అడిగినవాళ్ళు లేకపోలేదు. కానీ పథకం మంచిది కాబట్టి జనం ఆ మొదటి ముక్క వదిలేసి 'ఆరోగ్యశ్రీ' అని పిలుచుకున్నారు. 2014లో రాష్ట్రం విడిపోయింది. ఆంధ్రలో అది ఎన్టీఆర్ వైద్య సేవ అయింది. 2019లో ప్రభుత్వం మారింది, డాక్టర్ వైఎస్సార్ ఆరోగ్యశ్రీ అయింది. 2024లో మళ్ళీ మారింది, మళ్ళీ ఎన్టీఆర్ వైద్య సేవ. ఇటు తెలంగాణలో పదేళ్ళు ఉత్త ఆరోగ్యశ్రీగా నడిచి, 2023 డిసెంబర్లో కాంగ్రెస్ వచ్చాక ముందు 'రాజీవ్' మళ్ళీ చేరింది.

మనలాంటి వాళ్ళకి పేరు మార్చడమంటే ఏముంది, ఫైండ్ అండ్ రీప్లేస్. టెస్టులు రన్ చేసి చెక్ ఇన్ చేసేయడమే. ప్రభుత్వంలో అలా కాదు. ప్రతి ఆస్పత్రి బోర్డు, ప్రతి ఆరోగ్యమిత్ర కౌంటర్, ప్రతి దరఖాస్తు ఫారం, వెబ్‌సైట్, కార్డు, గోడ మీద రాత.. అన్నీ మార్చాలి. ప్రోగ్రామర్ ఎవడైనా డిస్‌ప్లే నేమ్‌ని ప్రైమరీ కీగా పెడితే కోడ్ రివ్యూలో చీవాట్లు పెడతాం. అక్కడ మాత్రం అదే డిజైను!

పేరు మారితే లోపల ఏమైనా మారిందా? పరిమితులు పెంచారు, జబ్బుల జాబితా పెరిగింది, అది ఒప్పుకోవాలి. 2023 డిసెంబర్లో ఆంధ్రలో 25 లక్షలకి పెంచారు, తెలంగాణలో 5 నుంచి 10 లక్షలకి. కానీ 2024 మే నెలలో బకాయిలు ఇవ్వలేదని ఆంధ్రలో నెట్‌వర్క్ ఆస్పత్రులు సేవలు ఆపేశాయి. 2025 అక్టోబర్లో మళ్ళీ అదే కారణానికి ఆపేశాయి. మొదటిసారి కార్డు మీద ఒక పేరు, రెండోసారి ఇంకో పేరు, ప్రభుత్వాలూ వేర్వేరు. రోగి రెండుసార్లూ ఒకే కౌంటర్ ముందు నిలబడ్డాడు.

ఇప్పుడు ఇంకో పథకం చూద్దాం. ఆరోగ్యశ్రీ కన్నా రెండేళ్ళ ముందు, అదే ముఖ్యమంత్రి హయాంలో, 2005 ఆగస్టు 15న హైదరాబాద్‌లో మొదలైంది: 108 అంబులెన్స్. దీని పేరు ఒక నంబరు, అంతే. సత్యం రామలింగరాజు గారు పెట్టిన ఇఎంఆర్‌ఐ మొదలుపెట్టింది. 2009లో సత్యం కుప్పకూలాక జీవీకే చేతికి వెళ్ళింది. తర్వాత ఆంధ్రలో ఇంకొన్ని చేతులు మారింది. వేరే రాష్ట్రాలు కూడా అదే నంబరుతో పెట్టుకున్నాయి. 2020 జులై 1న విజయవాడ బెంజ్ సర్కిల్‌లో 1,088 కొత్త 108, 104 వాహనాలకి పెద్ద ఎత్తున జెండా ఊపారు. బండి రంగు మారింది, పక్కన స్టిక్కర్ మారింది. కానీ పేరు? ఎవరూ మార్చలేకపోయారు. ఎందుకంటే అది ఎండ్‌పాయింట్. దాన్ని మారిస్తే కాల్స్ ఫెయిలవుతాయి. రోడ్డు మీద రక్తం కారుతున్నవాడి పక్కన నిలబడ్డ మనిషి కొత్త పేరు గుర్తు తెచ్చుకోడు కదా.

ఇంకా వెనక్కి వెళితే, రెండు రూపాయల కిలో బియ్యం. 1983లో ఎన్టీ రామారావు మొదలుపెట్టారు. దానికి ముందే కోట్ల విజయభాస్కరరెడ్డి ఎన్నికల ముందు రూపాయి తొంభై పైసలకి ఇచ్చారు, అది వేరే తమాషా. ఆ పథకానికి పేరంటూ లేదు, ధరే దాని పేరు. అందుకే దాన్ని మార్చినవాడు దొరికిపోయాడు! 1996లో చంద్రబాబు ధర మూడున్నర చేస్తే ఊరూరా తెలిసిపోయింది. 2008లో వైఎస్ మళ్ళీ రెండుకి తెస్తే అదీ తెలిసిపోయింది. 2011 నవంబర్లో కిరణ్‌కుమార్ రెడ్డి రూపాయి చేస్తే అదీను. పథకం పేరు ధరే అయితే ప్రభుత్వం జనానికి లెక్క చెప్పక తప్పదు. పథకం పేరు మనిషి అయితే, లోపల ఏం జరిగినా పైన బొమ్మ నవ్వుతూనే ఉంటుంది. (రామారావు గారి బొమ్మ లేకుండా ఆ రోజుల్లో ఏదీ లేదు, నిజమే. కానీ జనం నోట్లో మిగిలింది మాత్రం ఆ రెండు రూపాయలే.)

ఇక్కడ మన సంగతి కూడా చెప్పుకోవాలి. 1998 నవంబర్లో సైబర్ టవర్స్‌ని వాజ్‌పేయి గారు ప్రారంభించారు. 1999లో మెకిన్సేతో రాయించిన విజన్ 2020 వచ్చింది. 2000 మార్చిలో క్లింటన్ హైదరాబాద్ వచ్చాడు. అప్పుడు రాష్ట్రం బ్రాండ్ అంటే ఆ గుండ్రటి బిల్డింగూ, మెళ్ళో బ్యాడ్జి వేసుకున్న మనమూ! ఆ బ్రాండ్ వల్ల ఉద్యోగాలు రాలేదని నేను అనను. నేనూ ఆ వరసలో వచ్చినవాణ్ణే. కానీ అదే సమయంలో వరస కరువులు, రైతుల ఆత్మహత్యలు. ఢిల్లీలో 2003 చివర్లో కేంద్రం 'ఇండియా షైనింగ్' అని ప్రజల డబ్బుతో ప్రకటనలు మొదలుపెట్టింది. 2004లో రెండు ఎన్నికలూ ఒకేసారి వచ్చాయి. ఢిల్లీలో ప్రభుత్వం పోయింది, ఇక్కడ 294 స్థానాల్లో తెలుగుదేశానికి 47 మిగిలాయి. ప్రకటనల వల్లే ఓడారని చెప్పలేం. కానీ ఎండిపోయిన బోరు పక్కన నిలబడి 'వెలిగిపోతున్నాం' అని వింటే ఎలా ఉంటుందో నాకు మా ఊళ్ళో కనబడింది. ఆ ఏడాది మా బంధువుల్లో ఒకాయన "మీ హైటెక్కు మాకేం పెట్టిందిరా" అని నన్నే నిలదీశాడు, నేనే యాడ్ ఇచ్చినట్టు.

2004 నుంచి నాయకులు పాఠం నేర్చుకున్నారనుకోవద్దు. తప్పు పాఠం నేర్చుకున్నారు. బ్రాండ్ హైటెక్ సిటీ మీద కాదు, లబ్ధిదారుడి చేతిలో కార్డు మీద ఉండాలని అర్థం చేసుకున్నారు. ఇందిరమ్మ ఇళ్ళు, రాజీవ్ యువశక్తి, చంద్రన్న కానుక, జగనన్న విద్యా దీవెన.. పార్టీ ఏదైనా వరస ఒకటే. మెల్లగా చనిపోయినవాళ్ళ పేర్లు దాటి బతికున్నవాళ్ళ పేర్లకి వచ్చాం.

పరాకాష్ఠ గోడలకి రంగులు. 2019 తర్వాత ఆంధ్రలో పంచాయతీ ఆఫీసులకి అధికార పార్టీ జెండా రంగులు పడ్డాయి. 2020 మార్చిలో హైకోర్టు తీసెయ్యమంది. ఏప్రిల్లో ప్రభుత్వం జీవో 623 ఇచ్చింది. ఉన్న రంగులకి కింద మట్టిరంగు పట్టీ ఒకటి చేర్చి, నీలం అంటే నీరు, ఆకుపచ్చ అంటే వ్యవసాయం, తెలుపు అంటే పాలు, ఎర్రమట్టి అంటే నేల అని వివరణ కూడా. (ఆ వివరణ రాసిన ఆఫీసరు ఎవరో గానీ మన రిక్వైర్‌మెంట్స్ డాక్యుమెంట్లు రాయాల్సిన మనిషి.) మేలో హైకోర్టు దాన్నీ కొట్టేసింది. జూన్ 3న సుప్రీంకోర్టు నాలుగు వారాల్లో తీసెయ్యాల్సిందే అంది. అంటే ఒకసారి వేయడానికి సున్నం డబ్బులు, మట్టిపట్టీకి ఇంకోసారి, గీకి మళ్ళీ వేయడానికి మూడోసారి, మధ్యలో లాయర్ల ఫీజులు. అన్నీ ఒకే ఖజానా నుంచి.

ఆ తర్వాత భూముల రీసర్వేలో పట్టాదారు పాస్‌పుస్తకం మీదా, పొలం గట్టు మీద రాళ్ళ మీదా కూడా ముఖ్యమంత్రి పేరూ బొమ్మా వచ్చాయి. తాతల నాటి పొలానికి ఇచ్చే పత్రం మీద అయిదేళ్ళకి గెలిచిన మనిషి ఫోటో. రైతులకి ఇది చాలా గట్టిగా తగిలింది. 2024 జులైలో కొత్త ప్రభుత్వం రాజముద్రతో మళ్ళీ పాస్‌పుస్తకాలు ఇవ్వాలని నిర్ణయించింది, రాళ్ళ మీద బొమ్మలు ఎలా చెరపాలని లెక్కలు వేసింది. నిర్ణయం సరైనదే. కానీ ఆ పని చేసిన ప్రభుత్వమే అదే ఏడాది పింఛనుకి మళ్ళీ ఎన్టీఆర్ భరోసా అని పేరు పెట్టుకుంది.

అన్నిటికన్నా నన్ను బాధపెట్టేది అన్న క్యాంటీన్లు. 2018 జులైలో మొదలయ్యాయి, పూటకి 5 రూపాయలు. 2019లో మూతపడ్డాయి. 2024 ఆగస్టు 15న తిరిగి తెరిచారు. మధ్యలో అయిదేళ్ళు కట్టిన భవనాలున్నాయి, ఆకలి ఉంది, అన్నం లేదు. వాటిలో అక్రమాలు జరిగాయని కొత్త ప్రభుత్వం అంది. జరిగితే విచారణ చేయొచ్చు, కాంట్రాక్టరుని మార్చొచ్చు. పొయ్యి ఎందుకు ఆర్పాలి? పేరు వేరేవాళ్ళది కాబట్టి నడిపితే క్రెడిట్ వాళ్ళకి పోతుందని తప్ప నాకు వేరే కారణం తోచలేదు.

ఇలా కాకుండా ఉండొచ్చని పక్క రాష్ట్రంలోనే చూశాం. 2021లో తమిళనాడులో స్టాలిన్ గెలిచాక చెన్నైలో కొందరు డీఎంకే కార్యకర్తలు అమ్మ క్యాంటీన్ బోర్డులు పీకేస్తే, ఆయన తిరిగి పెట్టించాడు. జయలలిత, పళనిస్వామి బొమ్మలతో అచ్చయిపోయిన స్కూలు బ్యాగులు 65 లక్షలుంటే, వాటినే పంచమన్నాడు. దానివల్ల మిగిలింది 13 కోట్లని విద్యామంత్రి అసెంబ్లీలో చెప్పారు. అదే స్టాలిన్ 2025లో 'ఉంగళుడన్ స్టాలిన్' అని తన పేరే పథకానికి పెట్టుకున్నాడనుకోండి!

కోర్టులు ఆపలేవా అంటే, ప్రయత్నం జరిగింది. కామన్ కాజ్ అనే సంస్థ 2003లో వేసిన పిటిషన్ మీద సుప్రీంకోర్టు 2015 మే 13న తీర్పిచ్చింది. ప్రభుత్వ ప్రకటనల్లో రాష్ట్రపతి, ప్రధాని, ప్రధాన న్యాయమూర్తి ఫోటోలు తప్ప ఇంకెవరివీ వద్దని. పన్నెండేళ్ళు పట్టిన తీర్పు పది నెలలు నిలిచింది. కేంద్రమూ, కొన్ని రాష్ట్రాలూ రివ్యూకి వెళ్ళాయి. 2016 మార్చిలో గవర్నర్లు, ముఖ్యమంత్రులు, మంత్రుల ఫోటోలకీ అనుమతి వచ్చేసింది. ఇక పేర్ల విషయానికొస్తే, 2025 జులై చివర్లో మద్రాసు హైకోర్టు బతికున్న నాయకుల పేర్లు పథకాలకి పెట్టొద్దంది. వారం తిరక్కుండా సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసి, పిటిషన్ వేసిన అన్నాడీఎంకే ఎంపీకే 10 లక్షలు వడ్డించింది. దేశమంతా చేస్తున్నదే కదా, ఒక్కరినే ఎందుకు పట్టుకున్నావని.

దేశమంతా చేస్తున్న మాట నిజమే. బేటీ బచావో బేటీ పఢావో కింద 2016-19 మధ్య విడుదలైన 446.72 కోట్లలో 78.91 శాతం ప్రచారానికే పోయిందని 2021 డిసెంబర్లో పార్లమెంటు కమిటీయే రాసింది. ఢిల్లీలో ఆప్ ప్రభుత్వం మూడేళ్ళలో ప్రకటనలకి 1,100 కోట్లు పెట్టి, రైలు ప్రాజెక్టుకి డబ్బుల్లేవంటే 2023లో సుప్రీంకోర్టు చీవాట్లు పెట్టింది. అన్ని రంగుల జెండాలూ వచ్చేశాయి కాబట్టి నన్ను ఫలానా పార్టీవాడని అనడానికి వీల్లేదు :)

మొన్న నాన్నగారికి ఫోన్ చేసి మోకాలి డాక్టరు దగ్గరికి ఎప్పుడు వెళ్తున్నారని అడిగాను. వచ్చే వారం అన్నారు. ఏ కార్డు తీసుకెళ్తారంటే, "రెండూ పట్టుకెళ్తా, కౌంటర్లో అమ్మాయి ఏది అడిగితే అది ఇస్తా" అన్నారు.