117వ నిమిషంలో సావా

2011 జులై 17, జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్ట్. మహిళల ఫుట్‌బాల్ ప్రపంచకప్ ఫైనల్ అదనపు సమయం కూడా అయిపోవస్తోంది. అమెరికా 2-1తో ముందుంది. ఇంకో మూడు నిమిషాలు కాచుకుంటే కప్పు వాళ్లదే. అప్పటిదాకా అమెరికాతో పాతిక మ్యాచ్‌లాడిన జపాన్ ఒక్కటీ గెలవలేదు. ఎడమ మూల నుంచి అయా మియామా కార్నర్ కిక్ కొట్టింది. గుంపులోంచి దగ్గరి పోస్టు వైపు దూసుకొచ్చిన కెప్టెన్, గోల్‌కు దాదాపు వీపు తిప్పి, కుడికాలి బయటి అంచుతో బంతిని తాకింది. 2-2!

ఆ కెప్టెన్ హొమారె సావా. వయసు 32. అది ఆమెకు ఐదో ప్రపంచకప్.

సావా గురించి మాట్లాడితే అందరూ ఆ గోల్ దగ్గరే ఆగిపోతారు. కానీ అసలు కథ అంతకు ముందరి పద్దెనిమిదేళ్లలో ఉంది. టోక్యో శివార్లలోని ఫుచూలో 1978లో పుట్టిన సావా, అన్నయ్య వెంటపడి బంతి తన్నడం మొదలుపెట్టింది. పన్నెండేళ్లకే జపాన్ మహిళల లీగ్‌లో దిగింది. పదిహేనేళ్లకు, 1993లో, జాతీయ జట్టు తరఫున తొలి మ్యాచ్‌లోనే ఫిలిప్పీన్స్‌పై నాలుగు గోల్స్ చేసింది.

అంత ప్రతిభ ఉన్నా ఆడటానికి చోటు కరువైంది. 90ల చివర్లో ఆర్థిక మాంద్యం ముదరడంతో కంపెనీలు ఒకదాని వెంట ఒకటి తమ మహిళా జట్లను మూసేశాయి. సిడ్నీ ఒలింపిక్స్‌కు జపాన్ అర్హత కూడా సాధించలేదు. మిగిలిన క్రీడాకారిణుల్లో చాలామంది పగలు ఉద్యోగం చేసుకుని సాయంత్రం సాధనకు వచ్చేవాళ్లు. సావా 1999లో అమెరికా వెళ్లింది. తర్వాత అక్కడ ప్రొఫెషనల్ లీగ్ మొదలైతే అట్లాంటా బీట్ జట్టుకు ఆడింది. ఆ లీగ్ మూడేళ్లకే మూతపడింది. ఆమె తిరిగి టోక్యో చేరుకుంది.

2004 ఏప్రిల్‌లో ఏథెన్స్ ఒలింపిక్స్ బెర్తు కోసం ఉత్తర కొరియాతో పోరు. మోకాలి గాయానికి నొప్పి తెలియకుండా మందు తీసుకుని మరీ బరిలోకి దిగింది సావా. టోక్యోలోని జాతీయ స్టేడియంలో 31 వేల మందికి పైగా జనం. జపాన్ 3-0తో గెలిచింది. ఆ ఏడాదే ప్రజలు పంపిన పేర్లలోంచి ఎంచి జట్టుకు ‘నదేషికో’ అని ఒక పువ్వు పేరు పెట్టారు. నాలుగేళ్ల తర్వాత బీజింగ్‌లో, కాంస్యం కోసం జర్మనీతో తలపడే ముందు, ఇక తట్టుకోలేననిపిస్తే తన వీపు చూడమని మియామాకు చెప్పింది సావా. ఆ మ్యాచ్ ఓడిపోయారు. ఆ మాట మాత్రం జపాన్‌లో నిలిచిపోయింది.

కోచ్ నొరియో ససాకి 2008లో ఒక సాహసం చేశాడు. దాడికి అలవాటుపడిన సావాను వెనక్కి జరిపి, రక్షణకు ముందు నిలబడే మిడ్‌ఫీల్డర్‌ని చేశాడు. ఆ స్థానం నుంచే ఆమె 2011 ప్రపంచకప్‌లో ఐదు గోల్స్ కొట్టి టాప్ స్కోరర్ అయింది. నా దృష్టిలో ఆమె గొప్పతనానికి ఇంతకంటే రుజువు అక్కర్లేదు.

ఆ ఏడాది మార్చి 11న భూకంపం, సునామీ జపాన్‌ను ముంచెత్తాయి. ఫుకుషిమా అణువిద్యుత్ కేంద్రం నడిపే సంస్థకు సొంత మహిళా జట్టు ఉండేది. అదీ ఆగిపోయింది. క్వార్టర్ ఫైనల్లో ఆతిథ్య జర్మనీని ఓడించిన ఏకైక గోల్ చేసిన కరినా మరుయామా ఆ జట్టు మాజీ క్రీడాకారిణే. ఆ మ్యాచ్‌కు ముందు ససాకి తన జట్టుకు వ్యూహాల బోర్డు మాత్రమే కాదు, శిథిలమైన ఊళ్ల చిత్రాలు కూడా చూపించాడు. ఫైనల్లో షూటౌట్‌ను 3-1తో గెలిచి, జపాన్ ప్రపంచకప్ అందుకున్న తొలి ఆసియా జట్టయింది.

2012 జనవరిలో జ్యూరిచ్ వేదికపైకి కిమోనోలో నడిచొచ్చి ప్రపంచ ఉత్తమ క్రీడాకారిణి పురస్కారం అందుకుంది సావా. అంతకు ముందు ఐదేళ్లూ అది బ్రెజిల్ తార మార్తాదే. అదే ఏడాది లండన్ ఒలింపిక్స్‌లో జపాన్‌కు రజతం దక్కింది. 2015లో సావా తన ఆరో ప్రపంచకప్ ఆడింది. దేశం తరఫున 205 మ్యాచ్‌లు, 83 గోల్స్.

ఆ డిసెంబరు 27న జపాన్ మహిళా జట్ల ఎంప్రెస్ కప్ ఫైనల్ ఆమెకు చివరి మ్యాచ్. 78వ నిమిషంలో కార్నర్ కిక్ గాల్లోకి లేచింది. కోబె జట్టుకు ఆడుతున్న సావా ఎగిరి తలతో కొట్టింది. నీగాతా జట్టుపై 1-0. మ్యాచ్‌లో అదొక్కటే గోల్.