డాలా పలక

చలి బాగా దిగింది, ఇంకో దుంగ వెయ్యరా. పొగ అటు కొడుతోంది, చెల్లిని ఇటు కూర్చోబెట్టు. ఆ బల్ల మీదే కూర్చోండి ఇద్దరూ. అది ఉత్త బల్ల కాదర్రా. మన బండి డాలా పలక అది, వెనక సరుకు వేసే తొట్టిది. ఇందాక మీ నాన్న పికప్ బండి ధర చెబుతుంటే విన్నాను, లక్షల్లో ఉంది. మేం ఈ జగదల్‌పూర్ పెరట్లోనే ఒక బండి కట్టుకున్నాం. 1979 వేసవిలో మొదలెట్టి, మరుసటేడు సంక్రాంతికి రోడ్డెక్కించాం.

అంతకు ముందు సంగతి కొంచెం చెప్పాలి. మా నాన్నది ఉప్పు వ్యాపారం. మన పాత ఇల్లు కుంటలో, శబరి ఒడ్డున. పాతకాలంలో బస్తరుకి కోస్తా ఉప్పు ఎద్దుల మీదే వచ్చేది, లంబాడీలు మోసుకొచ్చేవాళ్ళు. మా నాన్న నాటికి ఎడ్లబండి. 1965లో భద్రాచలం దగ్గర గోదావరి మీద వంతెన పడ్డాక లారీలు రావడం మొదలైంది. అయినా సంతలన్నీ లారీ వెళ్ళే చోట ఉండవు కదా. సరగి, అదే సాల చెట్ల మధ్య బండి బాట, రెండు వాగులు, అవి దాటితే సంత. అక్కడికి ఉప్పు తీసుకెళ్ళి చింతపండు, ఇప్పపువ్వు, సారపప్పు తెచ్చేవాళ్ళం.

ఆ సారపప్పు మాట మీకు దాచను. ఉప్పుకి సమానంగా సారపప్పు తూచి పుచ్చుకున్న వ్యాపారులున్నారు ఈ నేల మీద. మా నాన్న కూడా కొన్నేళ్ళు అలాగే తూచాడు. అది తప్పని ఆయనకీ తెలుసు, నాకూ తెలుసు. నా చేతికి వ్యాపారం వచ్చాక చింతపండుకి డబ్బే ఇచ్చాను, కాటా వాళ్ళ ముందే పెట్టాను. అయితే డబ్బిచ్చి కొనేవాడికి వారానికి ఒకటి రెండు సంతలు సరిపోవురా. ఎడ్లబండితో వారానికి రెండు సంతలు అందుకుంటే ఎక్కువ. అక్కడ పుట్టింది ఈ బండి ఆలోచన.

నా దగ్గరున్నది 12,000 రూపాయలు. అందులో 3,000 మీ నానమ్మ పుట్టింటివాళ్ళు ఇచ్చింది. దాంతో కొత్త బండి కొనే మాట లేదు. ఒక సర్కారీ ఆఫీసులో పాత జీపులు వేలం వేస్తున్నారని మా బావ కబురు తెచ్చాడు. ఎత్తు బానెట్ జీపు, సీజే త్రీబీ అంటారు దాన్ని. పాత విల్లీస్ జీపు కంటే దాని ఇంజను ఎత్తు ఎక్కువ, అది పట్టాలని బానెట్ ఎత్తు పెంచారు. మేం కొన్నదానికి ఇంజను బ్లాకు పగిలిపోయి ఉంది. టైర్లు లేవు, సీట్లు ఎలుకలు తినేశాయి. 4,200కి పాట మాకు దిగింది. ఎడ్లు కట్టి లాక్కొచ్చాం ఇంటికి. వీధి వీధంతా వచ్చి చూసింది.

మీ నానమ్మ మాత్రం బండి చుట్టూ ఒకసారి తిరిగి, "ఇందులో నేనూ పిల్లలూ ఎక్కడ కూర్చుంటాం?" అంది. నేను సరుకు గురించే ఆలోచిస్తున్నాను. డ్రైవరు పక్కన ఒక్క సీటు, వెనకంతా డాలా, అదీ నా లెక్క. ఆవిడ ఒప్పుకోలేదు. "శ్రీరామనవమికి భద్రాచలం మళ్ళీ బస్సులో నిలబడి వెళ్ళాలా?" అని అడిగింది. ఆస్ట్రేలియాలో ఒక రైతు భార్య ఇలాంటి ఉత్తరమే ఫోర్డు కంపెనీకి రాసిందట, 1932లో. ఆదివారం చర్చికి వెళ్ళడానికీ, సోమవారం పందుల్ని సంతకి తోలడానికీ ఒక్కటే బండి కావాలని. కంపెనీలో లూయిస్ బాంట్ అనే కుర్ర ఇంజనీరు దానికి తగ్గట్టు గీసిచ్చిన బండి 1934లో వచ్చింది. ఆ దేశంలో యూట్ అని పిలుచుకునే బండికి అదే మొదలంటారు. ఆ కథ నాకు చాలా ఏళ్ళ తర్వాత తెలిసింది. తెలిసిన రోజు మీ నానమ్మకి చెప్తే, "మరి నేనేమన్నాను!" అని ఒక్క మాటతో ఊరుకుంది.

చివరికి ఆవిడ మాటే నెగ్గింది. డ్రైవరు సీటు వెనక అడ్డంగా ఒక బెంచీ సీటు, నలుగురు పట్టేలా. అలా క్యాబిన్ పెద్దదైంది. దాంతో చిక్కొచ్చింది. జీపు ముందు ఇరుసుకీ వెనక ఇరుసుకీ మధ్య దూరం 80 అంగుళాలు. క్యాబిన్ పెంచితే డాలా అంతా వెనక ఇరుసు దాటి వేలాడుతుంది. సరుకు బరువు వెనక పడితే ముందు చక్రాలు తేలిపోతాయి, స్టీరింగ్ మాట వినదు. కాబట్టి ఛాసీ కోసి మధ్యలో 20 అంగుళాలు అతకాలి.

ఇక్కడ కొంచెం నిదానంగా చెబుతాను, అసలు పనంతా ఇందులోనే ఉంది. మా బావకి గ్యాసు వెల్డింగ్ వచ్చు. ఛాసీని నిట్టనిలువుగా కోసేసి, ముక్క పెట్టి, చుట్టూ వెల్డింగ్ కొట్టేద్దామన్నాడు. కొండగావ్ వైపు నుంచి వచ్చి మన వీధి చివర కొలిమి పెట్టుకున్న ముసలి లోహార్ ఒకాయన ఉండేవాడు. ఆయన జీపులు కట్టినవాడు కాదు. కానీ ఇనుముతో పుట్టి పెరిగినవాడు. సుద్దముక్క తీసుకుని ఛాసీ మీద ఏటవాలుగా గీత గీశాడు. నిలువు కోత అయితే బరువంతా ఒకే గీత మీద పడుతుంది, ఏటవాలు కోత అయితే అతుకు పొడుగునా పంచుకుంటుంది. ఆపైన లోపల ఒక సి చానల్ దూర్చమన్నాడు, అటూ ఇటూ పాత ఇనుములోకి మూరెడు పోయేలా. దాన్ని వెల్డింగ్‌తో కాదు, ఎర్రగా కాల్చిన రివెట్లతో బిగించాలి. ఛాసీ కింది అంచు మీద మంట అసలు తగలకూడదన్నాడు. బరువుకి సాగేది ఆ అంచే, అక్కడ వెల్డింగ్ మచ్చ పడితే చీలిక అక్కడే మొదలవుతుందట. లారీల ఛాసీలు కూడా రివెట్లతోనే ఎందుకు బిగిస్తారో నాకప్పుడు అర్థమైంది.

రెండు రోజులు రివెట్లు కొట్టాం. ఆయన కొలిమిలోంచి పటకారుతో విసిరేవాడు, బావ బొక్కలో దూర్చేవాడు, అటుపక్క నేను సుత్తి ఆనించేవాణ్ణి, ఇటుపక్క ఆయన కొడుకు సమ్మెట వేసేవాడు. వేడి రివెట్టు చల్లారుతూ కుంచించుకుని రెండు రేకుల్నీ దగ్గరికి లాగేస్తుంది. కొట్టిన దెబ్బ కంటే ఆ చల్లారడంలోనే పట్టు ఎక్కువ. బండి తిరిగినన్నాళ్ళూ ఆ ఛాసీ అతుకు దగ్గర ఊడలేదు.

ఇంజను సంగతి. 1979లో ఇరాన్‌లో గొడవలొచ్చి ప్రపంచమంతా చమురు ధర పెరిగింది. పెట్రోలు పోసి సంతకి తిరిగితే చింతపండు లాభం ట్యాంకులోకే పోతుంది. కాబట్టి డీజిలే అనుకున్నాం. బోల్తాపడి నుజ్జయిన ఇంటర్నేషనల్ బి-275 ట్రాక్టరు ఇంజను ఒకటి దొరికింది, 3,000కి. జీపులో ట్రాక్టరు ఇంజనేమిటని నవ్వకండి. అదే ఇంజను వంశంలోని డీజిలునే మహీంద్రా వాళ్ళు తమ జీపుల్లో వేశారు. అప్పట్లో ఎన్ని జీపులకి గుండె మార్చారో లెక్కలేదు.

అది పెట్రోలు ఇంజను కంటే బాగా బరువు. ముందు కమాన్లకి చెరో రెండు పట్టీలు కలిపాం, వెనక మూడేసి. రేడియేటరు ముందుకి జరిపాం. ఇంజనుకీ గేర్ బాక్సుకీ మధ్య పెట్టే అడాప్టర్ ప్లేటు మాత్రం మా చేతుల్లో అయ్యే పని కాదు. ఇంజను నడిమధ్యా, గేర్ బాక్సు షాఫ్టు నడిమధ్యా వెంట్రుకవాసి తేడా లేకుండా కలవాలి. తేడా ఉంటే క్లచ్ దగ్గరి బేరింగు నెల తిరక్కుండా అరిగిపోతుంది. అందుకని కొలతలు కాగితం మీద వేసుకుని విజయవాడ ఆటోనగర్ వెళ్ళాను. అక్కడ లేతు మీద కూర్చున్న మేస్త్రీ నా కాగితం చూడనే లేదు. "కాగితం నాకెందుకు బాబూ, వస్తువు తేవాలి" అన్నాడు. తిరిగొచ్చి, గేర్ బాక్సు ముందు డబ్బా గోనెసంచిలో చుట్టుకుని, బస్సు టాపు మీద కట్టి మళ్ళీ వెళ్ళాను. రెండోసారి సాయంత్రానికల్లా చేసిచ్చాడు. ఎంత నున్నగా వచ్చిందో! దాన్ని రాత్రి బస్సులో ఒళ్ళో పెట్టుకునే కూర్చున్నాను.

ఇక డాలా. దసరా రోజులు దగ్గర పడ్డాయి. మన ఊళ్ళో సిరహాసార్ భవనం దగ్గర దసరా రథం కడతారు కదా, మీరూ చూశారు. బేడా ఉమర్‌గావ్, ఝార్ ఉమర్‌గావ్ ఊళ్ళ మనుషులు వచ్చి ఏటా కొత్త కర్రతో, బాడిసెలతో చెక్కి, అంత రథాన్నీ నిలబెడతారు. విజయదశమికి లాగేది ఎనిమిది చక్రాల రథం. చిన్నప్పటి నుంచి చూస్తున్నా, ఆ ఏడు మాత్రం వేరే కళ్ళతో చూశాను. పొద్దున్నే వెళ్ళి మధ్యాహ్నం దాకా అక్కడే. ఒక వడ్రంగి నన్ను గమనించి ఏం కావాలన్నాడు. బండి తొట్టికి కర్ర అన్నాను. అడుగుకి సరగి వెయ్యమన్నాడు. బరువు కాస్తుంది, నీటికి లొంగదు. పక్కలకి మాత్రం తేలిక కర్ర చాలు, అక్కడ బరువు దండగ అన్నాడు. పలకకీ పలకకీ మధ్య వేలు దూరేంత సందు వదలమని కూడా చెప్పాడు. వానలో తడిస్తే కర్ర ఉబ్బుతుంది, చోటు లేకపోతే బోల్టులు పీకేస్తుంది. అటవీ డిపోలో రసీదుతో కొన్న సరగి పలకలు వేశాం. మీ కింద ఉన్నది అందులో ఒకటి. ఆ పక్కన బోల్టు బొక్క ఉంటుంది, తడిమి చూడు. పలకలకీ ఇనుముకీ మధ్య బైలాడిల్లా గనుల కన్వేయరు బెల్టు ముక్కలు పరిచాం, పాతసామాను దుకాణంలో తూకానికి దొరికాయి.

బండి రూపం మారింది, ఇంజను మారింది. రవాణా ఆఫీసులో చూపించి రిజిస్ట్రేషన్ పుస్తకంలో ఎక్కించాం. అది చేయకుండా రోడ్డెక్కడం తప్పు. ఇన్‌స్పెక్టరు గారు కిందికి దూరి మరీ రివెట్లు చూశారు. బ్రేకు డ్రమ్ములు మాత్రం జీపువే, 9 అంగుళాలవి. "బరువు మోసే శక్తి పెంచావు గానీ ఆపే శక్తి పెంచలేదు, గుర్తుంచుకో" అన్నారు ఆయన. అమెరికా సైన్యం పాత విల్లీస్ జీపుని పావు టన్ను ట్రక్కు అనేది. మేం మా బండి మీద 12 బస్తాలకి మించకూడదని ఒట్టు పెట్టుకున్నాం.

ఒట్టు నిలబెట్టుకున్నా దెబ్బ వేరే చోట తగిలింది. ఫిబ్రవరిలో తోంగ్‌పాల్ వైపు నుంచి చింతపండుతో వస్తున్నాం, దర్భా ఘాటీ ఎక్కుతున్నాం. నేనూ, మా బావా, మీ నానమ్మా, ఆవిడ ఒళ్ళో మీ నాన్న. పై మలుపు ఇంకో ఫర్లాంగు ఉందనగా కింద ఢామ్మంది. ఛాసీ పొడిగించినప్పుడు వెనక చక్రాల్ని తిప్పే ప్రొపెల్లర్ షాఫ్ట్ కూడా పొడిగించాం కదా, ఆ గొట్టం అతుకు మేమే వెల్డింగ్ చేసుకున్నాం. అది తెగింది. బండి వెనక్కి జారుతోంది. హ్యాండ్ బ్రేకు లాగాను, ఏమీ లేదు! ఎందుకో చెప్పుకోండి. ఆ జీపులో హ్యాండ్ బ్రేకు చక్రాలకి ఉండదు, వెనక షాఫ్టు మొదట్లో ఉంటుంది. షాఫ్టే తెగాక అది పట్టుకునేది దేన్ని? గేరు కూడా అంతే, వెనక చక్రాలకి అందదు. కాలి బ్రేకు మీద లేచి నిలబడ్డాను. బావ దూకి చక్రం కింద చెక్కదిమ్మ తోశాడు. ఆగింది. అవతల లోయ. మీ నానమ్మ మీ నాన్నని గుండెకి హత్తుకుని దిగింది గానీ ఒక్క మాట అనలేదు. అనకపోవడమే నాకు ఎక్కువ భయం వేసింది.

చీకటి పడుతోంది. తెగిన షాఫ్టు విప్పి డాలాలో పడేశాం. జీపులో ఇంజను నాలుగు చక్రాల్నీ తిప్పగలదు కదా, ముందు ఇరుసుకి వేరే షాఫ్టు ఉంది. ముందు చక్రాల గేరు కడ్డీ వేసి లాగిస్తే ముందు చక్రాలు గిర్రున తిరుగుతున్నాయి తప్ప బండి కదలదు. ఎత్తు మీద బరువంతా వెనక్కి పోయింది, ముందు చక్రాలకి పట్టు లేదు. అప్పుడు అన్నది మీ నానమ్మే: "బండిని తిప్పి, వెనక్కి ఎక్కించండి." నాకు ఒళ్ళు జలదరించింది. రివర్సులో ఎక్కితే పల్లం వైపు ఉండేది ముందు చక్రాలే, బరువు వాటి మీదే పడుతుంది. ఫోర్డు టీ మోడల్ కార్లవాళ్ళు కూడా నిటారు కొండలు రివర్సులోనే ఎక్కేవాళ్ళని తర్వాతెప్పుడో చదివాను, వాళ్ళ కారణం వేరనుకోండి.

ఆరు బస్తాలు దించాం. బండి తిప్పాం. బావ దిమ్మ పట్టుకుని పక్కనే నడుస్తూ, మీ నానమ్మ లాంతరుతో వెనక దారి చూపిస్తూ, నేను మెడ తిప్పుకుని ఆవిడ చేతిలో దీపాన్నే చూస్తూ ఆ ఫర్లాంగూ ఎక్కించాను. బస్తాలు భుజాల మీద పైకి మోసి మళ్ళీ ఎక్కించుకున్నాం. పైకెక్కాక ముందు చక్రాలతోనే జగదల్‌పూర్ దాకా వచ్చేశాం, తెల్లవారుజాము అయ్యింది. కొత్త షాఫ్టు మళ్ళీ ఆటోనగర్‌లోనే చేయించాను, తూకం చూపించి మరీ. ఇంట్లో చేసుకోదగ్గ పనేదో, చేసుకోకూడని పనేదో ఆ రాత్రి నాకు తెలిసింది.

పదహారేళ్ళు తిరిగింది ఆ బండి. ప్రతి శ్రీరామనవమికీ భద్రాచలం వెళ్ళాం, అదే బెంచీ సీటు మీద. ఛాసీ చివరికి తూకానికి ఇచ్చేశాం, ఇంజను మాత్రం ఇవ్వలేదు. కుంటలో శబరి ఒడ్డున మన మిరప తోటకి నీళ్ళు తోడింది చాలా ఏళ్ళు. ఇప్పుడు షెడ్డులో గోనెపట్టా కింద ఉంది. పండక్కి వెళ్తాం కదా, హ్యాండిల్ నువ్వే తిప్పుదువుగాని. బొటనవేలు మాత్రం హ్యాండిల్ చుట్టూ చుట్టకు, మిగతా వేళ్ళ పక్కనే ఉంచాలి. ఎదురు తన్నిందంటే విరుగుతుంది. ఇదిగో, ఇలా పట్టుకోవాలి, చెయ్యి ఇటివ్వు.