నోటిలో పుండు లేదు, మంట మాత్రం తగ్గదు: కారణాలు, చికిత్స

నాలుక ఎర్రబడదు, పూత కనిపించదు, చిగుళ్లు వాయవు. అయినా మరిగే కాఫీ తగిలి నాలుక కాలినట్లు రోజంతా మంట. వైద్యులు ఈ స్థితిని ‘బర్నింగ్ మౌత్ సిండ్రోమ్’ అంటారు. ముఖ సంబంధమైన నొప్పులనూ పరిగణించే అంతర్జాతీయ తలనొప్పుల వర్గీకరణ ప్రకారం, పైకి ఆరోగ్యంగా కనిపించే నోటిలో రోజుకు 2 గంటలకు మించిన మంట 3 నెలలకు పైగా కొనసాగితేనే ఈ పేరు వర్తిస్తుంది.

రుతుక్రమం ఆగిపోయిన మహిళల్లో ఇది ఎక్కువ. నాలుక కొన, అంచులు, పెదవుల లోపలి భాగం, అంగిలి మండుతాయి. నోరు ఎండినట్లుంటుంది, చేదు లేదా లోహపు రుచి తగులుతుంది. చాలామందికి ఉదయం స్వల్పంగా ఉన్న మంట సాయంత్రానికి పెరుగుతుంది. ఏదైనా తింటున్నంతసేపు కొందరికి ఉపశమనం కలగడం దీని విచిత్ర లక్షణం. ‘ఒంట్లో వేడి చేసింది’ అనుకొని మజ్జిగతో, బి కాంప్లెక్స్ మాత్రలతో నెలలు గడిపేవారు తక్కువేమీ కాదు.

అయితే ప్రతి నోటిమంటా ఈ సిండ్రోమ్ కాదు. ఇనుము, ఫోలేట్, బి12, జింకు లోపాలు, మధుమేహం, థైరాయిడ్ మందగింపు, ఫంగస్ సోకడం, లాలాజలం తగ్గడం, సరిగా అమరని కట్టుడు పళ్లు, ఛాతీలో మంట పుట్టించే ఆమ్లం పైకి తన్నడం వంటివన్నీ నోటిని మండించగలవు. ఎనలాప్రిల్ వంటి రక్తపోటు మందులూ ఈ కోవలోవే. శాకాహారులలోను, దీర్ఘకాలం మెట్‌ఫార్మిన్ వాడేవారిలోను బి12 తగ్గే అవకాశం ఉన్నందున రక్త పరీక్ష అవసరం. మూలకారణాన్ని సరిదిద్దితే ఇటువంటి మంట సాధారణంగా తగ్గుతుంది.

దక్షిణాసియాలో మరొక అనుమానాన్ని ముందుగా నివృత్తి చేసుకోవాలి. వక్క, గుట్కా, పాన్ మసాలా నమిలేవారికి కారం తగలగానే నోరు భగ్గుమంటే, అది ‘సబ్‌మ్యూకస్ ఫైబ్రోసిస్’కు తొలి సంకేతం కావచ్చు. బుగ్గల లోపలి పొర పాలిపోయి బిగుసుకుంటుంది. క్రమంగా నోటిలో మూడు వేళ్లు నిలువుగా పట్టనంతగా దవడ మూసుకుపోతుంది. ఇది క్యాన్సర్‌గా మారగల వ్యాధి. 1952లో దీనిని వైద్య సాహిత్యంలో వర్ణించినది కూడా కెన్యాలో నివసిస్తున్న భారతీయ మహిళలను పరీక్షించిన మీదటే. పొగాకు కలవని వక్క సైతం మనుషులలో క్యాన్సర్ కారకమని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2004లో ప్రకటించింది. ఆ అలవాటు ఉన్నవారు, 2 వారాలు దాటినా మానని పుండు, తెల్లని లేదా ఎర్రని మచ్చ కనిపించినవారు దంతవైద్యునికి తక్షణం చూపించుకోవాలి.

ఈ కారణాలన్నీ తోసిపుచ్చాక మిగిలేదే అసలు సిండ్రోమ్. నాలుకలోని సన్నని నరాల తంతువులు దెబ్బతినడం, మెదడు నొప్పిని అదుపు చేసే తీరు మారడం దీనికి మూలమని పరిశోధకుల అభిప్రాయం. ఆందోళన, కుంగుబాటు తరచు దీనికి తోడవుతాయి. అంతమాత్రాన మంటను రోగి ఊహగా కొట్టిపారేయడం పొరపాటు.

చికిత్సలో క్లోనజెపామ్ మాత్రను మింగకుండా 3 నిమిషాలు చప్పరించి ఉమ్మివేయించే పద్ధతి కొందరికి మేలు చేసింది. మగత, అలవాటు పడే ప్రమాదం ఉన్నందున వైద్యుని చీటీ లేనిదే దీనిని వాడరాదు. నరాల నొప్పికి ఇచ్చే గబాపెంటిన్, అమిట్రిప్టిలిన్ కూడా వాడుకలో ఉన్నాయి. రెండవది నోటిని మరింత ఎండబెట్టగలదు. ఆల్ఫా లిపోయిక్ ఆమ్లం ఫలితాలు పరస్పర విరుద్ధం. ఆలోచనా ధోరణిని మార్చే కౌన్సెలింగ్ కొందరికి ఊరటనిచ్చింది. 23 ప్రయోగాలను పరిశీలించిన 2016 నాటి కాక్రేన్ సమీక్ష, ఏ ఒక్క చికిత్సనూ గట్టిగా సమర్థించేందుకు ఆధారాలు చాలవని తేల్చింది. కనుక శాశ్వత నివారణ హామీలిచ్చే ప్రకటనలను నమ్మవలసిన పని లేదు.

ఆల్కహాల్ కలిసిన మౌత్‌వాష్, ఘాటైన పుదీనా లేదా దాల్చిన చెక్క రుచిగల టూత్‌పేస్టు, పుల్లని పానీయాలు మానడం, తరచు చల్లని నీరు గుక్కెడు చొప్పున తాగడం, చక్కెర లేని చూయింగ్ గమ్ నమలడం ఇంటివద్దనే పాటించదగినవి.