కొలతాడు పట్టిన చిన్న చేతులు

పెద్దయ్యాక ఏమవుతారని తెలుగు బడిపిల్లల్ని అడిగితే డాక్టరు, ఇంజనీరు, కలెక్టరు అంటారు. ఆర్కిటెక్టు అన్న మాట చాలామందికి ఇంటర్ చివర్లో, ఆర్కిటెక్చర్ ప్రవేశ పరీక్ష నాటాకు దరఖాస్తు పెట్టే వేళ గానీ వినపడదు. కట్టడాల చదువు ఇంత ఆలస్యంగా మొదలవడం మన నేలకు పాత అలవాటేమీ కాదు. 1213లో రేచర్ల రుద్రుడు పాలంపేటలో కట్టించిన రామప్ప గుడికి పునాదిలో ఇసుక నింపారు, గర్భగుడి మీది విమానానికి తేలికపాటి ఇటుకలు వాడారు, నల్లరాతి మదనికల శిల్పాలను అద్దంలా నునుపు చేశారు. అలాంటి నేర్పు ఇళ్లలో తరం నుంచి తరానికి దిగుతూ వచ్చింది. ఆళ్లగడ్డ, దుర్గి శిల్పుల కుటుంబాల్లో పని సాగిన తీరే దానికి ఆనవాలు. పిల్లవాడు ముందు రాతిమీద గీత గీయడం, తాళమానం అనే శిల్ప కొలతల పద్ధతి ప్రకారం ముఖాన్ని, మొండేన్ని భాగాలుగా విడదీయడం చూస్తాడు. ఉలి చేతికొచ్చేది ఆ తర్వాతే. లెక్క అతనికి కంటితోనే మొదలవుతుంది.

ఆ వరస బ్రిటిషు కాలంలో చాలావరకు తెగింది. బొంబాయిలో 1857లో మొదలైన జె.జె. స్కూల్ ఆఫ్ ఆర్ట్‌లో 1913 నాటికి ఆర్కిటెక్చర్‌కు ప్రత్యేక విభాగం ఏర్పడింది. విద్య పనిచోటు నుంచి డ్రాయింగు బల్ల మీదికి చేరింది. 1972 ఆర్కిటెక్ట్స్ చట్టం వచ్చాక, గుర్తింపు పొందిన చదువుతో రిజిస్టరైనవారికే ఆ పేరు పెట్టుకునే హక్కు దక్కింది. తిరుపతిలో 1960లో తితిదే పెట్టిన సంప్రదాయ శిల్ప విద్యాసంస్థ పాత ధారను నిలబెట్టింది గానీ, అందులోనూ చేరేది పదో తరగతి దాటాకే.

పాత పద్ధతిని పొగిడితే కులవృత్తిని, బాలల చాకిరీని వెనకేసుకొచ్చినట్టు కాదా అని అడగవచ్చు. అది న్యాయమైన ప్రశ్న. ఆ విద్య కొన్ని ఇళ్ల మగపిల్లలకే పరిమితమైంది, బడికి వెళ్లే హక్కును మింగేసింది. కాలేజీ చదువు వచ్చాకే 1936లో పెరిన్ జంషెడ్జీ మిస్త్రీ అనే మహిళ జె.జె.లో డిప్లొమా పొందగలిగింది. కాబట్టి పిల్లల్ని మళ్లీ రాళ్ల మధ్యకు పంపమని ఎవరూ అనకూడదు. ఆ ఇళ్లలో దొరికిన తొలి పరిచయాన్ని అందరి పిల్లలకూ అందించగల చోటు మాత్రం బడే. అందుకే కెరీర్ మాటలు అక్కడ, ముందుగా మొదలవ్వాలి.

ఎనిమిదేళ్ల పిల్లలకు ఉద్యోగాల గోల ఎందుకన్నది ఇంకో అభ్యంతరం. జీతాలు, ర్యాంకులు, కోచింగులు చెప్పేటట్లయితే నిజంగానే వద్దు. జర్మనీలో 1837లో బాలల బడి తెరిచిన ఫ్రోబెల్ కర్ర దిమ్మలను పిల్లల చేతికిచ్చాడు, ఉద్యోగ సలహా ఏదీ ఇవ్వలేదు. 1876లో ఫిలడెల్ఫియా ప్రదర్శనలో ఆ దిమ్మలను చూసిన ఒక తల్లి వాటిని తన కొడుక్కి తెచ్చింది. అతనే తర్వాత పేరుపొందిన ఆర్కిటెక్టు ఫ్రాంక్ లాయిడ్ రైట్. ఆ దిమ్మలు తనమీద వేసిన ముద్ర గురించి ఆత్మకథలో రాసుకున్నాడు. ఆ దిమ్మలతో ఆడిన వేలమందిలో ఒక్కడే రైట్ అయ్యాడనేది నిజమే. కానీ మిగిలినవాళ్లూ ఇళ్లు కట్టించుకుంటారు, ఊరి ప్రణాళికల మీద మాట్లాడతారు. వాళ్లకూ చూసే కన్ను కావాలి.

అందుకే బడికి వెళ్లి మాట్లాడే ఆర్కిటెక్టులకు ఒక విన్నపం. మీ పెద్ద భవనాల ఫొటోలను పక్కనపెట్టండి. పిల్లల చేతికి కొలతాడు ఇచ్చి వాళ్ల తరగతి గదినే కొలిపించండి. కిటికీ ఏ దిక్కున ఉంది, మధ్యాహ్నం ఎండ ఎవరి బల్ల మీద పడుతుంది, చక్రాల కుర్చీలో వచ్చే పిల్ల ఈ గడప ఎలా దాటుతుంది అని అడగండి. జవాబులను వాళ్ల చేతే గీయించండి. వీలైతే తాపీ మేస్త్రీని కూడా వెంట తీసుకెళ్లండి, రసమట్టం ఎలా చూడాలో ఆయన చెబుతాడు.