గ్రంథము, తెర : అద్భుతగాథల పాఠకుల తగవు

ఒక కథను చదివినవాడును, ఆ కథనే తెరమీద చూచినవాడును ఒకచోట కూర్చుండినచో వారి నడుమ తగవు పుట్టక మానదు. “గ్రంథములో అట్లు లేదు” అని మొదటివాడు అనును. “లేకున్న నేమి, చూచుటకు బాగున్నది కదా” అని రెండవవాడు అనును. పైకి ఇది ప్రొద్దుపోవుటకు చేయు వాదమువలె కనబడును గాని, దీని అడుగున ఒక గంభీరమైన ప్రశ్న కలదు. కథ ఎవరిది? వ్రాసినవానిదా? చదివి మనస్సులో నిలుపుకొన్నవానిదా? హక్కులు కొని వేరొక రూపమున ప్రదర్శించువానిదా? ఇంగ్లీషు భాషలో ఇతిహాసముల వంటి విస్తృతి గల అద్భుత నవలలు రేడియోకును, టెలివిజనుకును ఎక్కిన చరిత్రను పరిశీలించినచో, ఈ ప్రశ్న డెబ్బది ఏండ్లుగా ఎట్లు ముదురుచు వచ్చినదో తెలియగలదు.

ఈ చరిత్ర రేడియోతోనే ఆరంభమగుట శ్రోతలకు విశేషముగా తోచవచ్చును. ఆక్స్‌ఫర్డు విశ్వవిద్యాలయమున ఆచార్యుడగు జె. ఆర్. ఆర్. టోల్కీన్ రచించిన ‘ది లార్డ్ ఆఫ్ ది రింగ్స్’ మూడు సంపుటములుగా 1954, 1955 సంవత్సరములలో వెలువడెను. కడపటి సంపుటము వెలువడిన ఆ 1955వ సంవత్సరాంతముననే బి.బి.సి. వారి థర్డ్ ప్రోగ్రాము ఈ కథను నాటకముగా ప్రసారము చేయ మొదలిడెను. నాటకీకరణము కావించినవాడు టెరెన్స్ టిల్లర్ అను కవి. మొదటి సంపుటమునకు ఆఱు భాగములు లభించెను. మరుసటి యేట మిగిలిన రెండు సంపుటములకును కలిపి మరల ఆఱు భాగములే దక్కెను. అవియు అరగంట నిడివిగలవి. వేయి పుటల గ్రంథమును ఇట్టి పాత్రలో పోసినప్పుడు ఎంత ఒలికిపోవునో ఊహింపవచ్చును.

టోల్కీన్‌కు ఆ ప్రసారము నచ్చలేదు. అయితే ఆయన అసంతృప్తికి కుదింపు ఒక్కటియే కారణము కాదు. ఆయన కథలో టామ్ బాంబడిల్ అను ఒక వింత పురుషుడు కలడు. అడవి అంచున నివసించును, పాటలు పాడుకొనును, ఎవరి అధికారమునకును లోబడడు. సకల లోకమును వణికించు ఉంగరము కూడ అతనిని ఏమియు చేయజాలదు. అతని యింట గోల్డ్‌బెరీ అను నదీకన్య గృహిణిగా ఉండును. రేడియోలో ప్రకటనకర్త ఆమెను బాంబడిల్ కుమార్తె అని పరిచయము చేసెను. అంతేకాక, అడవిలో బాటసారులను పట్టి మ్రింగజూచు ముసలి విల్లో వృక్షము శత్రురాజ్యమునకు మిత్రమని చెప్పెను. ఈ రెండు మాటలును టోల్కీన్‌కు మిక్కిలి కష్టము కలిగించినవి. మొదటిది పొరపాటు, రెండవది అంతకంటె పెద్దది. లోకములోని చెడుగు అంతయు ఒక్క దుష్టుని కొలువునుండియే రానక్కఱలేదు, చెట్టుకు తన పగ తనకు ఉండవచ్చును అనునది ఆయన భావము. కథను సులభము చేయబోయి ప్రసారకులు ఆ భావమునే తొలగించిరి. గ్రంథమును, ప్రదర్శనమును పోల్చి చూచువారికి ఇది తొలి పాఠము: విడిచిన ఘట్టములకంటె, కలిపిన చిన్న మాట ఒక్కొక్కప్పుడు ఎక్కువ హాని చేయును.

ఆ తరువాత బాంబడిల్ పాఠకులకు ఒక గీటురాయి అయ్యెను. క్రొత్త ప్రదర్శనము వచ్చునన్నప్పుడెల్ల “అతడు ఉన్నాడా?” అనునది వారు అడుగు తొలి ప్రశ్నలలో ఒకటి. 1981లో బి.బి.సి. రేడియో నాలుగు అరగంట చొప్పున ఇరువదియాఱు భాగములుగా ప్రసారము చేసిన నాటకమున అతడు లేడు. ఐనను, తక్కిన కథయెడ చూపిన విశ్వాసమునుబట్టి పాఠకులు ఆ నాటకమును ప్రేమించిరి. 1991లో లెనిన్‌గ్రాడు టెలివిజన్ వారు స్వల్పవ్యయముతో తీసిన రష్యను రూపమున అతడు కలడు. అది నాడు ప్రసారమై మఱుగున పడిపోయి, ముప్పది ఏండ్లకు 2021లో మరల వెలుగు చూచెను. పీటర్ జాక్సన్ 2001లో తీసిన చలనచిత్రమున అతడు లేడు. 2024లో ‘ది రింగ్స్ ఆఫ్ పవర్’ అను ధారావాహిక రెండవ విడతలో కనబడెను గాని, అతని అడవిలో గాక తూర్పున ఎడారిదేశమున కనబడెను. కథను ముందునకు నడపని పాత్ర ఎందుకని ప్రదర్శకుడు అడుగును. అట్టి పాత్ర ఉండుటయే ఆ లోకము విశాలమైనదనుటకు సాక్ష్యమని పాఠకుడు చెప్పును. ఇద్దఱి మాటలోను న్యాయము కలదు.

ఇంతవఱకు చెప్పినది అభిరుచికి సంబంధించిన తగవు. అంతకుమించిన దెబ్బ తగిలిన సందర్భము ఒకటి కలదు. అమెరికా రచయిత్రి ఉర్సులా లెగ్విన్ 1968లో ‘ఎ విజర్డ్ ఆఫ్ ఎర్త్‌సీ’ అను నవలను ప్రకటించెను. అది ద్వీపముల లోకము. అందలి కథానాయకుడు గెడ్ రాగివన్నె దేహచ్ఛాయ కలవాడు. ఆ ద్వీపవాసులలో అధికులు చామనచాయవారో, నల్లనివారో. తెల్లనివారు ఒక మూల నుండి దండెత్తి వచ్చు జాతివారు. వీరుడనగా తెల్లనివాడే అను ఆనాటి అలవాటును ఆమె బుద్ధిపూర్వకముగా త్రోసివేసెను. 2004 డిసెంబరులో అమెరికాలోని సై-ఫై ఛానెల్ ఈ గాథను రెండు భాగముల ధారావాహికగా చూపినప్పుడు గెడ్ పాత్రకు శ్వేతజాతి నటుని నియమించిరి. రచయిత్రి ఊరకుండలేదు. తన మాట నెవరును పాటింపలేదనియు, కథకు ప్రాణమైన వర్ణభేదమును తుడిచివేసిరనియు ఆమె బహిరంగముగా వ్రాసెను. ఈ జాతి కథలలో తమకును చోటున్నదని మొదటిసారి ఈ గ్రంథములలోనే తెలిసికొన్నామని శ్వేతజాతివారు కాని పాఠకులు కొందఱు తనకు చెప్పిన సంగతిని ఆమె ఆ వ్యాసమున స్మరించెను.

ఆ ధారావాహికలో మఱియొక లోపమును కూడ పాఠకులు వెంటనే పట్టుకొనిరి. ఎర్త్‌సీలో మాంత్రికశక్తి అంతయు నిజనామమునందు ఉండును. ప్రతివానికి లోకము పిలుచు పేరొకటి, రహస్యమైన నిజనామ మొకటి. గ్రంథమున ‘స్పారోహాక్’ పిలుపు పేరు, ‘గెడ్’ నిజనామము. తెరమీద ఈ రెంటిని తారుమారు చేసిరి. పుస్తకము చదువనివానికి ఇది అల్పవిషయము. చదివినవానికి మాత్రము ఇంటికి పునాదిని పైకప్పుగా కట్టినట్లుండును. ఇట్టి తప్పులను ఎత్తిచూపు పాఠకుని “ఛాందసుడు” అని పరిహసించుట సులభము. కాని ఈ సందర్భమున ఆ ఛాందసుడే గ్రంథమునకు కావలివాడు.

ఇక ఈ తగవు లోకమంతట వ్యాపించినది జార్జి ఆర్. ఆర్. మార్టిన్ రచనలవలన. ఈయన 1980వ దశకమున అమెరికను టెలివిజనుకు కథనములు వ్రాసినవాడు. తన ఊహలు ఖర్చునకు మించినవని అచ్చట పలుమాఱులు కుదింపవలసివచ్చినందున, ఏ తెరకును లొంగనంత పెద్ద గాథను వ్రాయ సంకల్పించెను. ‘ఎ గేమ్ ఆఫ్ థ్రోన్స్’ అను తొలి సంపుటము 1996లో వచ్చెను. తరువాతివి 1998, 2000, 2005, 2011 సంవత్సరములలో వచ్చినవి. తెరకు లొంగదనుకొన్న ఆ గాథయే 2011 ఏప్రిలులో హెచ్.బి.ఓ. సంస్థ ద్వారా టెలివిజనుకు ఎక్కి, 2019 మే వఱకు ఎనిమిది విడతలుగా, డెబ్బదిమూడు భాగములుగా సాగెను. మొదటి నాలుగు విడతలలో ఒక్కొక్క భాగమును మార్టినే స్వయముగా వ్రాసెను.

పాఠకులు చేసిన పోలికలలో మేలైనవి ఆ రెండు కళల స్వభావమును బయటపెట్టినవి. మార్టిన్ ప్రతి అధ్యాయమును ఏదో ఒక పాత్ర కన్నులతో చూపును. తొలి సంపుటమున, ప్రస్తావనను మినహాయించినచో, ఇట్టి పాత్రలు ఎనిమిది. యువరాజు రాబ్ స్టార్క్ ఆ యెనిమిదింటిలో లేడు. కావున అతనిని మనము ఇతరుల కన్నులతోనే, యుద్ధమున ముఖ్యముగా తల్లి కన్నులతో చూతుము. అతడు ఇచ్చిన మాట తప్పి వేరొక యువతిని పెండ్లాడిన సంగతియు తల్లికి తెలిసిన తరువాతనే మనకు తెలియును. కెమేరాకు అట్టి కట్టుబాటు లేదు. రాబ్ యుద్ధభూమిలో నిలిచియుండగా ప్రేక్షకుడు అతని వెంట నడువగోరును. అందువలన ధారావాహికలో అతనికి ప్రేమకథ కల్పింపవలసివచ్చెను. గ్రంథములోని జేన్ వెస్టర్లింగ్ స్థానమున టలీసా అను క్రొత్త పాత్ర వచ్చెను. ఇది ప్రదర్శకుల స్వైరవృత్తి కాదు, మాధ్యమము కోరిన మార్పు.

ధనము కోరిన మార్పులును కలవు. తొలి విడతలో టిరియన్ పాల్గొనవలసిన మహాయుద్ధము ఆరంభమగునంతలో అతని తలకు దెబ్బ తగులును. అతడు కన్నులు తెఱచునప్పటికి యుద్ధము ముగిసియుండును. గ్రంథమున అతడు ఆ పోరాటమంతయు చేయును. రెండవ సంపుటములోని నౌకాయుద్ధమున నదీముఖమున ఇనుపగొలుసును పైకెత్తి శత్రునౌకలను బంధించుట టిరియన్ పన్నిన ఉపాయము. తెరపై ఆ గొలుసు లేదు. మంటద్రవము నిండిన ఒక ఓడ మాత్రము కలదు. ఆ భాగమును వ్రాసినవాడు మార్టినే యగుట గమనింపదగినది. తన గొలుసును తానే తెంపుకొనవలసివచ్చెను.

అన్ని మార్పులును నష్టములు కావు. ఆర్యా అను బాలిక శత్రుదుర్గమున మాఱుపేరుతో పరిచారికగా ఉన్నప్పుడు గ్రంథమున ఆమె యజమాని రూస్ బోల్టన్. ధారావాహికలో ఆమెను టైవిన్ లానిస్టర్ సన్నిధికి చేర్చిరి. ఆ వృద్ధ సేనానికిని, తన శత్రువు కూతురని అతడెఱుగని ఆ బాలికకును నడచిన సంభాషణలు గ్రంథమున లేనివి. కఠినులగు పాఠకులు పలువురు కూడ వానిని మెచ్చుకొనిరి. న్యాయముగా పోల్చువాడు ఇట్టి లాభమును కూడ లెక్కలో వ్రాయవలెను.

ఆ రోజులలో చదివినవారు ఒక రహస్యమునకు కాపరులు. రాబ్ వివాహభంగమునకు ప్రతీకారముగా విందులో జరిగిన ఘోరహత్యాకాండ 2000వ సంవత్సరమున అచ్చయినది. తెరపై అది 2013 జూనులో వచ్చెను. పదుమూడేండ్లు ఆ సంగతి తెలిసియు, చదువని మిత్రులకు చెప్పక దాచిన పాఠకులు ఎందఱో కలరు. ఆ రాత్రి కొందఱు మిత్రుల ముఖకవళికలను చిత్రములుగా తీసిరి కూడ. అందు కొంత అల్లరి ఉన్నను, తాము ఏనాడో ఏకాంతమున అనుభవించిన వేదనను ఇతరులతో పంచుకొనవలెనను తపన కూడ కలదు.

2016 నాటికి స్థితి తలక్రిందులయ్యెను. ధారావాహిక గ్రంథమును దాటిపోయెను. మార్టిన్ ముగింపులోని ముఖ్యవిషయములను ప్రదర్శకులకు ముందుగా తెలిపియుండెను గాని, ఆఱవ సంపుటము ధారావాహిక ముగియునాటికిని వెలువడలేదు. హోడర్ అను అమాయక సేవకుని పేరులోని మర్మము, అనగా “తలుపు పట్టుకొనుము” అను ఇంగ్లీషు మాటలు అరిగి అరిగి ఆ పేరైన వైనము, రచయిత ఊహయే అయినను లోకమునకు మొదట తెలిసినది 2016 మే నెలలో తెరమీద. ఇరువది యేండ్లు గ్రంథమును నమ్ముకొన్న పాఠకుడు అంతవఱకు ముందు నడచినవాడు, ఇపుడు వెనుకబడెను. కొందఱు చెవులు మూసికొని చూచుట మానిరి. తక్కినవారు చూచిరి. 2019లో కడపటి విడత నచ్చక, దానిని మరల తీయవలెనని కోరు విజ్ఞాపనపై పదిలక్షలకు పైగా సంతకములు పడెను. అప్పుడు వారు దేనితో పోల్చుచుండిరి? వ్రాయబడని గ్రంథముతో, అనగా ఎవరి మనస్సులో వారు వ్రాసికొన్న గ్రంథముతో. కొలబద్ద పోయిన తరువాతనే కొలతలు తీవ్రమైనవి.

పోల్చి చదువుట మన తెలుగువారికి క్రొత్త గాదు. పదునొకండవ శతాబ్దిలో నన్నయభట్టు వ్యాసభారతమును తెనిగించుచు కొన్ని పట్టుల కుదించెను, కొన్ని పట్టుల పెంచెను. పండితులు ఆ రెంటిని ప్రక్కప్రక్కన ఉంచి నేటికిని చర్చించుచునే ఉన్నారు. శశిరేఖా పరిణయము వ్యాసుని కృతిలో లేదని ఎఱిగినవారును 1957 నాటి ‘మాయాబజార్’ చిత్రమును చూచి ఆనందించిరి. ఇట్టి ఔదార్యము మనకు ఎట్లు సాధ్యమైనది? భారతము పూర్తియైన గ్రంథము. ఎవరెన్ని రూపములు కల్పించినను మూలము చెక్కుచెదరక నిలిచియున్నదను ధీమా మనకు కలదు. లెగ్విన్ పాఠకులకు గ్రంథము నిలిచియుండెను. కావున వారు ధైర్యముగా తప్పును తప్పనగలిగిరి. మార్టిన్ పాఠకులకు 2016 తరువాత ఆ ధీమా లేకపోయెను. వారి కోపమున సగము దుఃఖమే.

కావున ఈ తగవును పిల్లలాటగా త్రోసివేయరాదు. గ్రంథమును, తెరను పంక్తికి పంక్తిగా పోల్చువాడు, తాను ఎఱుగకయే, మంచి విమర్శకుడు చేయు పనిని చేయుచున్నాడు: ఏది మాఱినది, ఏల మాఱినది, మాఱుటవలన ఏమి పోయినది, ఏమి వచ్చినది అని అడుగుచున్నాడు. “అట్లు లేదు” అను మాటతో ఆగిపోక ఈ నాలుగు ప్రశ్నలను కడవఱకు అడిగినచో, అతని ఫిర్యాదు విమర్శ యగును. తెర చూచి గ్రంథమునకు పోవువాడు ఒక్కడున్నను ఆ తగవు వృథా కాదు.