మాటా, మర్యాదా, వోటూ

ఎన్నికల కాలంలో రాజకీయ వ్యాఖ్య వోటరును ఎంతవరకు కదిలిస్తుంది? ఆ వ్యాఖ్య తిట్టుగా దిగజారినప్పుడు నష్టపోయేదెవరు? ఈ ప్రశ్నలు చేతిఫోనుతో పుట్టాయని మా కళాశాల విద్యార్థులు అనుకుంటారు. వెనుకటి రోజుల్లో అంతా పెద్దమనిషి తరహాగా సాగేదని కొందరు అధ్యాపక మిత్రులు నిట్టూరుస్తారు. మన గోదావరి డెల్టా చరిత్ర ఈ రెండు అభిప్రాయాలనూ బలపరచదు.

1874లో కందుకూరి వీరేశలింగం 'వివేకవర్ధని' ప్రారంభించాడు. అప్పటికి సామాన్యునికి వోటు లేదు. అతని నెత్తిమీద వున్నది అధికారులు, కోర్టులు, కులపెద్దలు. కోర్టులలో లంచగొండితనాన్ని, పెద్దమనుషుల దురాచారాలను ఆ పత్రిక నిర్దాక్షిణ్యంగా ఎత్తిచూపింది. కొక్కొండ వెంకటరత్నం పంతులు 'హాస్యవర్ధని' నడిపితే, దానికి పోటీగా వీరేశలింగం 'హాస్యసంజీవని' పెట్టాడు. ఆ హాస్యం మెత్తనిది కాదు. వ్యక్తులనూ ఆయన విడిచిపెట్టలేదు. కాని వారు చేసిన పని చూపించి మరీ కొట్టాడు. అంతకంటె ముఖ్యం, రాసినవాడెవరో వూరందరికీ తెలుసు. కోపం వచ్చినవాడు ఇంటికి వచ్చి నిలదీయవచ్చు, కోర్టుకెక్కవచ్చు. తన రాతకు తాను పూచీ పడడమే ఆ రాతకున్న బలం.

'మర్యాద' అన్న మాటకు సంస్కృతంలో హద్దు అనే అర్థం వుంది. డెల్టా రైతుకు గట్టు ఎటువంటిదో, వాదానికి మర్యాద అటువంటిది. గట్టు నీటిని ఆపేయదు, చేనికి పారేటట్టు చేస్తుంది. వీరేశలింగం నీరు వుధృతంగానే పారింది. గట్టు మాత్రం తెగలేదు.

వయోజనులందరికీ వోటు వచ్చిన తర్వాత సంగతి వేరు. 1955 ఫిబ్రవరి నాటి ఆంధ్ర రాష్ట్ర ఎన్నికలు ఇందుకు పెద్ద నిదర్శనం. 1954 నవంబరులో ప్రకాశం మంత్రివర్గం ఒక్క వోటు తేడాతో పడిపోయింది. 1952లో ఆంధ్ర జిల్లాల్లో 41 స్థానాలు గెలిచిన కమ్యూనిస్టులు ఈసారి అధికారం తమదేనని నమ్మారు. ఎదుటి పక్షాన కాంగ్రెసు, రంగాగారి కృషికార్ లోక్ పార్టీ, ప్రజాపార్టీ ఒక్కటయ్యాయి. నార్ల వెంకటేశ్వరరావు సంపాదకత్వంలోని 'ఆంధ్రప్రభ' కమ్యూనిస్టులపై నిప్పులు చెరిగింది. విజయవాడ నుంచి 'విశాలాంధ్ర' జవాబు చెప్పింది. ఉభయపక్షాల వేదికల మీదా మాట హద్దు దాటింది.

ఫలితం అందరికీ తెలిసిందే. 196 స్థానాలలో ఐక్య కాంగ్రెసు కూటమికి 146, కమ్యూనిస్టులకు 15. సంపాదకీయాలే కమ్యూనిస్టులను వూడ్చివేశాయని ఒక కథ అప్పటినుంచీ ప్రచారంలో వుంది. అంకెలు ఆ కథను ఒప్పుకోవు. కమ్యూనిస్టులకు వచ్చిన వోట్లు 31 శాతం. 1952 కంటె ఎక్కువే. మునుపటికంటె ఎక్కువచోట్ల పోటీ చేయడం దీనికి కొంత కారణం. ఐనా, వారి వెంట వున్న పేదవాడు తిట్లు విని వారిని విడిచిపోయాడనడానికి ఆధారం లేదు. మారింది ఎదుటి పక్షం: 1952లో చీలిన వోటు 1955లో ఒకచోట చేరింది. తీవ్రమైన రాతలు ఆ చేరికకు భయాన్ని ఎరువుగా వేశాయి. అంతేగాని, అటువాణ్ణి ఇటు తిప్పలేదు. తిట్టు ఎవరి పక్షంవాణ్ణి ఆ పక్షంలోనే మరింత బిగించింది.

ఇక్కడ గమనించదగ్గ విశేషం ఒకటుంది. 1955 జనవరి 26న మాస్కో 'ప్రావ్దా' నెహ్రూ విదేశాంగ విధానాన్ని మెచ్చుకుంటూ సంపాదకీయం రాసింది. కాంగ్రెసువారు దాన్ని వూరూరా ప్రచారం చేశారు. కమ్యూనిస్టులకు ఆ ఎన్నికల్లో గట్టిగా తగిలిన రాతలలో అదొకటి. అందులో ఒక్క తిట్టు లేదు! ఎదుటివాడు కాదనలేని సాక్ష్యం వంద దూషణలకంటె బలమైనదని అర్థం కావడానికి ఇంతకంటె వుదాహరణ అక్కరలేదు.

మన పక్షాన ఒక ఆక్షేపణ వుంది. దాన్ని తోసివేయరాదు. 'మర్యాద' అనేది కలవాడి ఆయుధం కాదా? గోదావరి జిల్లాల 'అండీ'కి దేశమంతా పేరు. కాని ఆ 'అండీ' ఎవరి నోట, ఎవరి ఎదుట వచ్చేది? కామందు పాలేరును 'ఒరే' అనడం ఆచారం. పాలేరు కూలి అడిగితే పొగరు. అటువంటి మర్యాదను తెంచవలసిందే. ఐతే దాన్ని తెంచిన వుద్యమాలు కూలివాడికి నేర్పింది తిట్టడం కాదు, నిలబడి లెక్క అడగడం. లెక్క అడిగేవాడి గొంతు ఎంత హెచ్చినా అది అమర్యాద కాదు.

నేటి దుస్థితి ఇందుకు విరుద్ధం. సందేశం రాసినవాడికి పేరు లేదు, వూరు లేదు. అభ్యర్థి శీలం గురించి తెలిసి తెలిసి అబద్ధం ప్రచురించడం 1951 ప్రజాప్రాతినిధ్య చట్టం 123వ సెక్షను ప్రకారం ఎన్నికల అక్రమమే. కాని అది ప్రత్యర్థి అనుమతితో జరిగిందని రుజువు కావాలి. చిరునామా లేని రాతకు రుజువెక్కడ? ఇక గెలిచినవాడు స్థానాల లెక్క చూసి తన తిట్లే గెలిచాయనుకుంటాడు. 2024లో ఓడిన పక్షానికి 175 స్థానాలలో దక్కినవి 11. వోట్లు మాత్రం 39 శాతం. ఆ వోటర్లను నోరు మూయించగలరేమోగాని, ఒప్పించినట్టు కాదు.

ఈ గోలలో మునిగిపోయేది అసలు ప్రశ్న. డెల్టాలో కౌలు రైతు సంగతి చూడండి. 2019 చట్టం అతనికి సాగు హక్కు పత్రం ఇస్తానన్నది, భూయజమాని సంతకం వుంటేనే అన్నది. మన మండలంలో ఎందరికి ఆ సంతకం దొరికింది? పత్రం లేనివాడికి పంట నష్టపోయిన ఏడు ఏమి దక్కింది? ఒక నాయకుడి పుట్టుక గురించి పదిమంది విద్యార్థులు పోట్లాడుకునే సాయంకాలం, అదే పదిమంది పది వూళ్లు తిరిగితే ఈ లెక్క తేలుతుంది. పేరు పెట్టి, పూచీ పడి, ఆ లెక్కను అచ్చులో పెట్టండి. దానికి జవాబు చెప్పలేనివాడు తిట్టక మానడు. అప్పుడు ఎవరు ఎందుకు తిడుతున్నారో వోటరే చూసుకుంటాడు.