కైటోసాన్ నానోకణాలు

రొయ్య, పీత పెంకుల నుంచి తీసే కైటోసాన్‌తో తయారయ్యే అతి సూక్ష్మ రేణువులివి. మీటరులో వంద కోట్లో వంతు నానోమీటరు. ఈ రేణువులు చాలావరకు కొన్ని వందల నానోమీటర్లకు మించవు. బంగాళాదుంప పిండి నుంచి తీసే నానోకణాలకు ఇవి దగ్గరి చుట్టాలు. రెండూ చక్కెర అణువుల గొలుసులే. కాకపోతే దుంప పిండి మీద ఫాస్ఫేటు వల్ల కాస్త రుణావేశం ఉంటే, కైటోసాన్ పలచని ఆమ్లంలో ధనావేశం పుంజుకుంటుంది. జిగురుపొరలకూ, రక్తకణాలకూ, డీఎన్ఏకూ అది అతుక్కునేది ఈ గుణంతోనే.

1811లో ఫ్రాన్స్‌కు చెందిన బ్రాకోనో ఈ పదార్థపు మూలరూపాన్ని పుట్టగొడుగుల్లో గుర్తించాడు. 1823లో ఓడియే దాన్ని పురుగుల పెంకుల్లో చూసి కైటిన్ అన్నాడు. 1859లో రూజే దాన్ని గాఢ క్షారంలో ఉడికిస్తే ఆమ్లంలో కరిగే రూపం వచ్చింది. 1894లో హోప్-సైలర్ ఆ రూపానికి కైటోసాన్ అని పేరు పెట్టాడు. మన దేశంలో రొయ్యల వ్యర్థాల నుంచి దీన్ని తీసే పద్ధతిని కొచ్చిలోని కేంద్ర మత్స్య సాంకేతిక సంస్థకు చెందిన పి. మాధవన్, కె.జి. రామచంద్రన్ నాయర్ 1974లో ప్రచురించారు. ఆ సంస్థకు విశాఖలోనూ పరిశోధన కేంద్రం ఉంది.

పెంకును ముందు పలచని కాస్టిక్ సోడాలో ఉడికించి మాంసకృత్తులు తీసేస్తారు. తర్వాత హైడ్రోక్లోరిక్ యాసిడ్ పోస్తారు. పోయగానే బుసబుసా నురగ లేస్తుంది. సున్నం కరిగిపోయి, గట్టి పెంకు కాస్తా తడి కాగితంలా మెత్తబడుతుంది. అదే కైటిన్. దాన్ని మళ్లీ గాఢమైన కాస్టిక్ సోడాలో వేడి చేస్తే కైటోసాన్ వస్తుంది.

నానోకణం చేయడం ఇంతకంటే తేలిక. 1994లో జపాన్‌లో ఒహ్యా బృందం చేసిన పద్ధతికి గ్లూటరాల్డిహైడ్ అనే విష రసాయనం కావలసి వచ్చేది. 1997లో స్పెయిన్‌లోని శాంటియాగో దె కంపోస్తెలా విశ్వవిద్యాలయంలో అలోన్సో బృందం ఆ అవసరం లేకుండా చేసింది. కైటోసాన్‌ను పలచని ఎసిటిక్ ఆమ్లంలో కరిగించి, కలియబెడుతూ ట్రైపాలీఫాస్ఫేటు ద్రావణాన్ని చుక్కచుక్కగా వదలాలి. తేటగా ఉన్న ద్రవం క్షణాల్లో నీలి ఛాయతో పాల రంగుకు తిరుగుతుంది. రేణువులు కట్టాయన్నదానికి అదే గుర్తు. దుంప పిండి నుంచి నానో స్ఫటికాలు తీయాలంటే ఆమ్లంలో రోజుల తరబడి నానబెట్టాలి.

అసలు కష్టం రొయ్యలు దిగే జెట్టీ మీదే ఉంది. రొయ్యల తలలు తీసి, ఒలిచిన తర్వాత పెంకు ఎండలో గంటల్లోనే కుళ్లిపోతుంది. సూక్ష్మజీవులు కైటిన్ గొలుసును తెంపేస్తాయి. గొలుసు పొడవు ప్రతి విడతకూ మారితే రేణువు పరిమాణమూ మారుతుంది, అలాంటి సరుకును మందుల పరిశ్రమ ముట్టదు. పైగా మన తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం. ఆ 61 రోజులు మరబోట్ల నుంచి సముద్రపు రొయ్య రాదు. వనామి రొయ్య సాగుకు 2009లో అనుమతి వచ్చాక ప్రాసెసింగ్ ప్లాంట్లలో ఒకే రకం పెంకు పెద్ద మొత్తంలో పోగవుతోంది. నాణ్యత కోరుకునేవారికి నిజమైన ముడిసరుకు అదే. యాసిడ్, కాస్టిక్ నీళ్లను శుద్ధి చేయకుండా హార్బర్‌లోకి వదిలేస్తే మాత్రం ఈ పరిశ్రమ ఉండడం కంటే లేకపోవడమే మేలు.

వాడకంలో మొదట పేరు తెచ్చుకున్నది నానోకణం కాదు, మామూలు కైటోసాన్: దానితో చేసిన, రక్తస్రావాన్ని ఆపే హెమ్‌కాన్ కట్టుకు 2002లో అమెరికా అనుమతి దొరికింది. నానోకణాల్లో మందులు, టీకాలు నింపి చూసిన ప్రయోగాలు చాలా ఉన్నాయి. ఆంధ్ర తీరానికి దగ్గరగా తగిలేది ఒకటుంది. 1994-95లో తెల్లమచ్చ వైరస్ మన రొయ్యల చెరువులను తుడిచిపెట్టింది. ఆ వైరస్‌కు చెందిన జన్యువును కైటోసాన్ నానోకణాల్లో పొదిగి, మేతలో కలిపి టైగర్ రొయ్యలకు పెట్టిన ప్రయోగాన్ని తమిళనాడు పరిశోధకులు 2009లో ప్రచురించారు. మేత తిన్న రొయ్యలు మిగతావాటి కంటే ఎక్కువగా బతికాయి, అయితే రోజులు గడిచేకొద్దీ ఆ రక్షణ తగ్గింది. అది తొట్లలో చేసిన పని. ఎకరాల చెరువులో ప్రతి రొయ్యకూ సరిపడా మోతాదు అందించడం వేరే సమస్య.